గాలి ఆడే కోటు

తిరుమలరావు ఒంటిమీద మంచి బట్ట నిలవదు. ఇది నింద కాదు. బిలాస్‌పూర్ రైల్వే కాలనీ అంతా ఏకగ్రీవంగా ఒప్పుకున్న సత్యం. ఇంట్లోంచి బయల్దేరేటప్పుడు మాత్రం ఇస్త్రీ నలగని చొక్కా, మొహం కనపడే బూట్లు, పాపిడి తీసిన జుట్టు. పెళ్ళికొడుకు పక్కన నిలబెడితే, దండ ఎవరి మెడలో వెయ్యాలో తెలియక పెళ్ళికూతురు తికమకపడేటట్టు ఉంటాడు. ఫంక్షన్‌కి చేరిన కాసేపటికి మాయమవుతాడు. ఆయన పాత స్కూటరు ఇంటివైపు ఎంత జోరుగా పోతుందంటే, గేటు దగ్గర మెయిలు బండి ఆగి దారిస్తుంది. తిరిగి ప్రత్యక్షమయ్యేసరికి, ఆ సందర్భానికి ఈ భూప్రపంచంలో ఏ బట్టలు బొత్తిగా పనికిరావో సరిగ్గా ఆ బట్టల్లో ఉంటాడు.

"ఇదేటండీ ఇది?" అని భార్య ఉషారాణి పళ్ళ బిగువున అడుగుతుంది.

"గాలి ఆడుతుంది, ఉషా," అంటాడు తిరుమలరావు.

లుంగీకీ అదే జవాబు, మంకీ క్యాపుకీ అదే జవాబు. కాపురమంతా ఆ ఒక్క ముక్క విని విని ఉషారాణికి ఎంత కసి పుట్టిందంటే, వాతావరణ వార్తల్లో ఈదురుగాలులు అన్నా చాలు, టీవీ కట్టేసేది.

తాతల నాడు శ్రీకాకుళంలో రైలెక్కి, బిలాస్‌పూర్‌లో దిగి, తిరిగి ఎక్కడం మర్చిపోయిన కుటుంబాల్లో తిరుమలరావుది ఒకటి. తాత పట్టాలు వేశాడు, తండ్రి ఇంజను నడిపాడు, తిరుమలరావు నల్లకోటు తొడుక్కుని టిక్కెట్లు చూశాడు. బోగీలో కాలు పెట్టగానే, డెబ్బై మందిలో ఎవరు సీటులో ముడుచుకుని కూర్చున్నారో ఆయన కంటికి ఇట్టే దొరికేవాళ్ళు. సీటు కింద దాక్కున్నవాడి గుండె చప్పుడు ప్లాట్‌ఫారం మీదికి వినపడేదంటారు. ఈమధ్యే రిటైరై, ఊళ్ళోనే తోర్వా పేటలో సొంతిల్లు కట్టుకున్నాడు. కన్ను మాత్రం రిటైరు కాలేదు.

కుదుదండ్‌లో బ్యాంకు మేనేజరుగారి అమ్మాయి రిసెప్షన్ సంగతి ఇప్పటికీ చెప్పుకుంటారు. గడ్డి మీద తివాచీలు, చెట్ల నిండా లైట్లు, సూట్లు వేసుకున్న జనం, వాళ్ళకంటే మంచి సూట్లు వేసుకున్న సర్వర్లు. ఉషారాణి ఐస్‌క్రీము తీసుకుని వెనక్కి తిరిగేసరికి, గళ్ళ లుంగీ, చేతుల బనీను, మెడలో ఎర్ర గంఛా తువ్వాలుతో తిరుమలరావు పానీపూరీ లైన్లో ఉన్నాడు. ఆయన పక్కన ఇంకో లుంగీ ఆసామి కూడా ఉన్నాడనుకోండి. ఆయన పెళ్ళికొడుకు మేనమామ. దారిలో ఎవరో పెట్టె దింపుకుపోతే, ఒంటిమీది లుంగీతోనే స్టేషన్లో దిగాడు పాపం. ఆయనకి కారణం ఉంది. తిరుమలరావుకి ఏం కారణం ఉంది? అంతవరకూ మేనమామని చూసి మూతులు తిప్పుకుంటున్నవాళ్ళు, ఆయన్ని ఒదిలేసి తిరుమలరావుని చూడ్డం మొదలుపెట్టారు. మేనేజరుగారి భార్యయితే కళ్ళజోడు తుడుచుకుని మరీ చూసింది.

"బనీనేటండీ, బనీను! సూటేదీ?"

"డిక్కీలో ఉంది. ఇలగైతే గాలి..."

"ఆడుతుంది. తెలుసు. పదండి ఇంటికి."

సౌమ్య బడిలో జరిగింది ఇంకా ఘోరం. అప్పుడు సౌమ్య చిన్న పిల్ల, వాళ్ళకి ఒక్కతే కూతురు. బడిలో తల్లిదండ్రుల మీటింగు. తిరుమలరావు సఫారీ డ్రెస్సులో వచ్చాడు, ఎప్పటిలాగే మాయమయ్యాడు. లెక్కల మేడమ్‌గారు సౌమ్య మార్కులు చెప్పబోతుండగా తలుపు తెరుచుకుంది. మూతికి ఎర్రరంగు, భుజాన గద, వెనక బారెడు తోక. రైల్వే ఇన్‌స్టిట్యూట్ నాటకాల పెట్టెలోంచి తెచ్చిన హనుమంతుడి వేషం అది.

"ఆప్ సౌమ్య కే పాపా హై?" అంది మేడమ్.

"జీ. లెక్కల్లో ఎలా ఉందండీ మా అమ్మాయి?" అంటూ తోక పక్కకి సర్దుకుని కుర్చీలో కూర్చున్నాడు తిరుమలరావు.

ఆ నవ్వులకి మూడో ప్లాట్‌ఫారం మీద పావురాలు లేచిపోయాయి. ఫ్యాన్సీ డ్రెస్ పోటీ ఆ వేళే అనుకుని, తారీఖు తప్పి, పొద్దుతిరుగుడు పువ్వు వేషంలో వచ్చి గుమ్మం దగ్గర ఏడుస్తున్న భవిత అనే పిల్ల కూడా ఏడుపు ఆపేసి, ఆయన తోక పట్టుకుని బడంతా తిరిగింది. సౌమ్య మాత్రం చాలాకాలం "ఆయన మా నాన్న కాదు, పక్కింటి అంకుల్" అని చెప్పుకుంది.

అసలు ఈ రోగం పెళ్ళి పీటల మీదే బయటపడిందంటుంది ఉషారాణి. వాళ్ళింటి గోడ మీద పెళ్ళి ఫొటో ఉంది. ఉషారాణి పట్టుచీరలో బుట్టబొమ్మలా ఉంటుంది. పక్కన పెళ్ళికొడుకు పట్టుపంచె మీద రైల్వే రెయిన్‌కోటు, కాళ్ళకి రబ్బరు బూట్లు. అటు పక్క ఆమె తండ్రి గోవిందరావు కూడా రెయిన్‌కోటులోనే. ఆ రోజు కుంభవృష్టి, బదులు మనిషి రాక ఆయన రైల్వే డ్యూటీ నుంచి కన్యాదానానికి సరాసరి బురదతో పరిగెత్తుకొచ్చాడు. ఆయనకి తప్పలేదు. పీటల మీంచి లేచివెళ్ళి రెయిన్‌కోటు తొడుక్కొచ్చిన పెళ్ళికొడుక్కి ఏం పుట్టింది? రైల్వేవాళ్ళ ఆచారం కాబోలని చుట్టాలు సరిపెట్టుకున్నారు. ఉషారాణి సరిపెట్టుకోలేదు. మొగుడూ తానూ పద్ధతిగా బట్టలేసుకుని నిలబడ్డ ఫొటో ఒక్కటి, ఆ గోడ మీద పెట్టి చచ్చిపోవాలని ఆమె జీవితాశయం.

ఆ అవకాశం ఓడెక్కి వచ్చింది.

సౌమ్య బ్యాంకులో చేరింది. అక్కడే పనిచేసే రోహన్‌ని ఇష్టపడింది. రోహన్ మంచి కుర్రాడు, వంక పెట్టడానికి ఏమీ లేదు. ఉన్నదల్లా అతని తండ్రి విశ్వనాథంగారు. బొగ్గు కంపెనీలో పెద్ద ఆఫీసరు. బొగ్గు గనిలోకి దిగినా తెల్లచొక్కా తెల్లగానే ఉండే మనిషి. పొద్దున్న పేపరు చదవడానికి ఒక చొక్కా, సాయంత్రం అదే పేపరు చదవడానికి ఇంకో చొక్కా. ఆయన ఇంట్లో కుక్కకి కూడా సోమవారం బెల్టు, ఆదివారం బెల్టు వేరు.

ఆయనా భార్య జయలక్ష్మీ తమ పెళ్ళిరోజుని ముంబై నుంచి గోవా వెళ్ళే పెద్ద ఓడలో చేసుకుందామనుకున్నారు. "మీరూ రండి బావగారూ. రెండు కుటుంబాలూ కలిసి నాలుగు రోజులుంటే అన్నీ తెలుస్తాయి. ముహూర్తం సంగతి అక్కడే, రెండో రాత్రి డిన్నర్లో చెబుతాను," అన్నారు.

అన్నీ తెలుస్తాయి అన్న మాట ఉషారాణి గుండెలో గునపంలా దిగింది. తెలిస్తే ఇంకేమైనా ఉందా?

వాట్సాప్‌లో విశ్వనాథంగారి ఆదేశాలు రావడం మొదలైంది. మొదటి రాత్రి డిన్నరుకి స్మార్ట్ క్యాజువల్, రెండో రాత్రి ఫార్మల్. చెప్పులతో డైనింగ్ హాల్లోకి ప్రవేశం లేదు. డ్రైక్లీనింగ్ నుంచి వచ్చిన సూటు కవరు డిన్నరుకి అరగంట ముందు మాత్రమే విప్పాలి. ముందే విప్పితే మడత పాడవుతుంది.

"స్మార్ట్ క్యాజువల్ అంటే ఏటే?" అంది ఉషారాణి.

"అమ్మా, మత్లబ్... మంచివి వేసుకోవాలి. లేకిన్ కష్టపడి వేసుకున్నట్టు దిఖ్‌నా... కనపడకూడదు," అంది సౌమ్య.

"కష్టపడకుండా వేసుకునేదంటే లుంగీ కదా?" అన్నాడు తిరుమలరావు ఆశగా.

"నాన్నా, ప్లీజ్!"

"పోనీ, ఫార్మల్‌కి నా నల్లకోటు ఉంది. బీరువాలో ఊరికే పడుంది."

"మీ టీటీ కోటేసుకుని ఓడెక్కితే సగం జనం బాత్రూముల్లో దాక్కుంటారు," అంది ఉషారాణి. "నోరు మూసుకుని బంగార్రాజు దగ్గరికి నడవండి. సూటు కుట్టించీసేను అనుకోండి."

బంగార్రాజు తోర్వాలో దర్జీ. పుట్టి బుద్ధెరిగాక అతను కుట్టినవన్నీ రైల్వే యూనిఫారాలే. చేతికి ఏ గుడ్డ ఇచ్చినా అది చివరికి టీటీ కోటుగానో గార్డు కోటుగానో తేలుతుంది. నీలం సూటు కొలతలు తీసుకుంటుండగా తిరుమలరావుని కడుపు బిగపట్టొద్దన్నాడు, తరవాత ఇంకొంచెం వదలమన్నాడు.

"రిటైరైనోళ్ళు పెరుగుతారు బాబూ. నేను చూసేను కదా," అంటూ, అటో అరబారెడు ఇటో అరబారెడు వదిలి కుట్టాడు. బక్కపలచటి తిరుమలరావు అందులో నిలబడితే, సూటు ఆయన్ని ఎక్కడికో తీసుకెళుతున్నట్టు ఉంది. లోపల వెయ్యడానికి గుడ్డ సరిపోలేదంటే ఉషారాణి తన పాత చిలకపచ్చ సిల్కు చీర, మామిడిపిందెల అంచుతో సహా ఇచ్చింది. లోపలి జేబు టీటీల రసీదు పుస్తకం పట్టేటట్టు మోచేతి లోతు పెట్టాడు.

"జేబు ఇంత లోతెందుకయ్యా?"

"అలవాటమ్మా. చెయ్యి దానంతటదే కుట్టీసింది."

అయినా సరే, సూటు సూటే. ఉషారాణి తన తలమీద కాదు, సౌమ్య తలమీద తిరుమలరావు చెయ్యి పెట్టించి ఒట్టు వేయించింది. "రెండో రాత్రి భోజనం అయ్యేవరకూ ఈ సూటు విప్పితే చూడండి. పిల్ల పెళ్ళి మీ ఒంటిమీద ఉంది."

"అచ్ఛా, అలగే," అన్నాడు తిరుమలరావు. మనస్ఫూర్తిగానే అన్నాడు.

ఓడ సంగతి ఏం చెప్పమంటారు! బిలాస్‌పూర్ స్టేషన్ని నిలువుగా నిలబెట్టి, దాని మీద ఇంకో స్టేషన్ పెట్టి, రంగులేసినట్టుంది. తిరుమలరావు ఎక్కగానే తమ గది నంబరు చూసి, "మనది సైడ్ లోయరే," అన్నాడు తృప్తిగా. స్కూటరు ముంబై రేవులో లేదు కాబట్టి ఈసారి పారిపోవడానికి మార్గం లేదని ఉషారాణి ధైర్యం. చుట్టూ సముద్రం.

మొదటి రాత్రే ఒక గొడవ జరిగింది. విశ్వనాథంగారి తమ్ముడు జయప్రకాష్ డిన్నరుకి చెప్పులతో వచ్చాడు.

"నువ్వు మెసేజ్ చదవలేదా?" అన్నారు విశ్వనాథంగారు.

"కాలికి పొక్కు అన్నయ్యా."

"పొక్కుకి కూడా సాక్సు వేసుకోవచ్చు. వెళ్ళి బూట్లేసుకురా."

అందరి ముందూ అలా వెనక్కి పంపేస్తే జయప్రకాష్ మొహం ఇంతైంది. "సరే అన్నయ్యా. రేపు నువ్వు వచ్చేటప్పుడు గుమ్మంలో కెమెరా పెట్టుకుని నిలబడతాను. కాలరు నుంచి బూటు లేసుదాకా చూస్తాను. ఒక్క గుండీ తేడా వచ్చినా చుట్టాల గ్రూపులో పెడతా," అని వెళ్ళిపోయాడు. తిరిగి రాలేదు.

సూపు అయ్యేసరికి తిరుమలరావూ లేడు. ఉషారాణి ఓడంతా వెతికితే పై అంతస్తులో, ఈతకొలను గట్టు మీద, ఉత్తికాళ్ళతో ప్యాంటు మోకాళ్ళదాకా మడిచి, జయప్రకాష్ పక్కన కూర్చుని పకోడీలు తింటూ దొరికాడు.

"గాలి..." అన్నాడు.

"మాటాడకండి," అంది ఉషారాణి. "ఇది సముద్రం. గాలి ఎక్కడైనా ఆడుతుంది."

రెండో రాత్రి వచ్చింది. తిరుమలరావు నీలం సూటు తొడుక్కున్నాడు. ఉషారాణి వెనక నుంచి పిన్నులు పెట్టి, నడుం దగ్గర ఒక తువ్వాలు చుట్టి, ఎలాగో కోటుని మనిషి మీద నిలబెట్టింది. టై కట్టింది. రెండడుగులు వెనక్కి వేసి చూసింది. అంత అందంగా ఉంటాడని తెలిస్తే ఆ పెళ్ళప్పుడే పిన్నులు తెచ్చుకునేదాన్ని కదా అనుకుంది.

"కింద ఫొటోగ్రాఫరు ఉన్నాడుట. నేను జడ వేసుకుని వచ్చీస్తాను. మీరు హాలు దగ్గర నిలబడండి. కదలకండి. ఎవరితోనూ మాటాడకండి. దగ్గొచ్చినా నేనొచ్చేక దగ్గండి."

ఆయన వెళ్ళాడు. ఆమె జడ వేసుకుని, పూలు పెట్టుకుని దిగేసరికి హాలు దగ్గర జయప్రకాష్ ఫోను పట్టుకుని కాపలా ఉన్నాడు గానీ తిరుమలరావు లేడు. టేబుల్ దగ్గర సౌమ్య, రోహన్ బిక్కమొహాలేసుకుని కూర్చున్నారు. విశ్వనాథంగారూ లేరు.

"ఆయనకి కడుపులో కొంచెం తేడా చేసింది వదినగారూ," అంది జయలక్ష్మి, ఎటో చూస్తూ. "రారేమో."

"అయ్యో, రాకపోతే ముహూర్తం..." అని ఉషారాణి నాలిక కరుచుకుంది.

అప్పుడే విశ్వనాథంగారు వచ్చారు. నీలం సూటు, టై, ఛాతీ నిండుగా, భుజాలకి అతికినట్టు. జయప్రకాష్ కాలరు నుంచి కెమెరా దించాడు, బూట్లదాకా వెళ్ళాడు, మళ్ళీ పైకి వచ్చాడు, నిరాశగా ఫోను జేబులో పెట్టుకున్నాడు. జయలక్ష్మి నోరు తెరుచుకుని భర్త వంకే చూస్తోంది. ఉషారాణి మనసులో, మా ఆయనదీ అదే రంగు, ఇద్దరూ జోడీగా ఉంటారు అనుకుంది.

ఆ అనుకోవడం ఇంకా పూర్తి కాలేదు, గుమ్మం దగ్గర గొడవ.

"సర్, మ్యూజిషియన్స్ అటువైపు నుంచి రావాలి," అంటున్నాడు సర్వరు.

"నేను భోజనానికొచ్చేను నాయనా," అంటున్నాడు తిరుమలరావు.

ఎర్ర మఖమల్ కోటు. భుజాల మీద బంగారు కుచ్చులు. ఛాతీకి అడ్డంగా మెరిసే జరీ తాళ్ళు. నెత్తిమీద ఈక గుచ్చిన టోపీ. బిలాస్‌పూర్ పెళ్ళి ఊరేగింపులో బారాత్ ముందు కర్ర తిప్పుతూ నడిచే బ్యాండు మాస్టరు, గుర్రాన్నీ పెళ్ళికొడుకునీ ఎక్కడో పారేసుకుని అరేబియా సముద్రం మధ్యలో తేలినట్టున్నాడు.

హాలంతా ఒక్కసారి గప్‌చిప్. తరవాత ఒక్కసారి నవ్వు. పక్క టేబుల్ పిల్లలు కుర్చీలెక్కారు. జయప్రకాష్ ఫోను మళ్ళీ పైకొచ్చింది.

"బావగారూ! ఒక పాట!"

సౌమ్య రుమాలులో మొహం దాచుకుంది. "అమ్మా, బస్. ఖతం. నా పెళ్ళి అయిపోయింది."

ఉషారాణి బంగారు కుచ్చుల నుంచి టోపీ ఈకదాకా చూసింది. ఎక్కడి నుంచి తెచ్చాడు దీన్ని? పెట్టెలో ఏ మూల దాచాడు? కూతురి తలమీద ఒట్టేశాడు కదా! ఆయన వచ్చి పక్కన కూర్చుంటే, మొహం చూడకుండా, పెదవులు కదపకుండా అడిగింది: "సూటేదండీ?"

"గాలి ఆడలేదే ఉషా. ఇదైతే ఆడుతుంది."

మఖమలు! లోపల దూది! ఆయన నుదుటి మీంచి చెమట ధారకట్టి కారుతోంది.

విశ్వనాథంగారు గ్లాసు మీద చెంచాతో కొట్టి లేచి నిలబడ్డారు. "ఈ రాత్రి నేను నాలుగు మాటలు..." అంటూ, రాసుకొచ్చిన కాగితం కోసం కోటు లోపలి జేబులో చెయ్యి పెట్టారు. చెయ్యి వెళ్ళింది. ఇంకా వెళ్ళింది. మోచెయ్యి దాకా మునిగినా కాగితం దొరకలేదు. ఆయన కంగారుపడి కోటు ముందుభాగం బార్లా తెరిచి లోపలికి తొంగి చూసుకున్నారు.

చిలకపచ్చ సిల్కు. మామిడిపిందెల అంచు.

ఉషారాణి తన చీరని చూసింది. చీర ఆమెని చూసింది. తోర్వా బంగార్రాజు చెయ్యి దానంతటదే కుట్టిన జేబు, విశ్వనాథంగారి మోచెయ్యిని మింగేసి అక్కడ వేళ్ళాడుతోంది.

అది మిగతావాళ్ళెవరికీ అర్థం కాలేదు. విశ్వనాథంగారు మాత్రం ఉషారాణి కళ్ళల్లోకి చూసి, ఆమెకి తెలిసిపోయిందని తెలుసుకుని, ఒక నిట్టూర్పు విడిచారు. "మీ అందరికీ ఒక విషయం చెప్పాలి. అసలు ఈ కోటు..." అని మొదలుపెట్టారు. జయప్రకాష్ ఫోను గిర్రున అటు తిరిగింది.

తిరుమలరావు స్ప్రింగులా లేచాడు. మూల ముగ్గురు కూర్చుని మెల్లగా వాయించుకుంటున్నారు, ఓడవాళ్ళ సంగీతం. టేబుల్ మీది పొడవాటి రొట్టె ముక్క చేతిలోకి తీసుకుని, వాళ్ళ ముందుకి పోయి, బ్యాండు మాస్టరు లెవెల్లో గాల్లో గిర్రున తిప్పాడు. "బజావ్ భయ్యా! బారాత్ లాగ! జోర్ సే!"

కోటు చూసి వాళ్ళు కొత్త పెద్ద మాస్టరు వచ్చాడనుకున్నారో ఏమో, దరువెత్తుకున్నారు. ఆ దెబ్బకి ఓడ కొంచెం గోవా వైపు జరిగిందని కెప్టెను తరవాత చెప్పుకున్నాడట. పిల్లలు కుర్చీల మీంచి దూకారు. రోహన్ సౌమ్య చెయ్యి పట్టుకుని లేపాడు. ఎక్కడెక్కడివాళ్ళో, సూట్లూ గౌన్లూ అన్నీ లేచి గంతులేశాయి. నిన్న పంపేసిన జయప్రకాష్ పొక్కు మర్చిపోయి, బూట్లు విప్పేసి మరీ నాట్యం చేశాడు. ఆ మోతలో విశ్వనాథంగారు ఏం చెప్పబోయారో ఎవరికీ వినపడలేదు.

ఆయన వచ్చి ఉషారాణి పక్క కుర్చీలో కూలబడ్డారు.

"చెల్లెమ్మగారూ. లోపల ఈ పచ్చది..."

"నా చీరండీ అన్నయ్యగారూ."

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. "మా డ్రైక్లీనింగు కుర్రాడు కవరు మార్చేశాడు. నేను అరగంట ముందు విప్పాను కదా, నా రూలు ప్రకారం. తీరా చూస్తే బ్యాండువాళ్ళ కోటు. నా పెట్టెలో ఇంకేముంది, స్మార్ట్ క్యాజువల్ చొక్కాలూ ఈతకి నిక్కరూ తప్ప. నిన్న తమ్ముణ్ణి అందరి ముందూ అన్నేసి మాటలన్నాను. వాడు గుమ్మంలో కెమెరాతో ఉన్నాడు. కడుపునొప్పి అని పడుకున్నాను. మా ఆవిడ వరండాలో ఏడుస్తుంటే బావగారు చూశారట. తలుపు కొట్టి లోపలికొచ్చారు."

"ఏమన్నారు?"

"ఏమీ అడగలేదమ్మా. ఆ ఎర్ర కోటు చూసి కళ్ళు పెద్దవి చేసి, 'మీరు వేసుకోకపోతే నాకిచ్చీయండి బావగారూ, మనసు లాగీస్తోంది' అన్నారు. వద్దంటే వినరే! సూటు విప్పేసి నా మంచం మీద పడేసి, 'దీంట్లో నాకు గాలి ఆడటం లేదండీ' అన్నారు."

ఉషారాణి అటు తిరిగింది. ఎదురుగా రొట్టె ముక్క తిప్పుతున్న మనిషిని చూస్తుంటే, ఆయన వెనక వరసగా ఇంకెవరెవరో నిలబడ్డట్టు అనిపించింది. గళ్ళ లుంగీ పక్కన, పెట్టె పోగొట్టుకున్న మేనమామ. హనుమంతుడి తోక పట్టుకుని నవ్వుతున్న పొద్దుతిరుగుడు పువ్వు. ఈతకొలను గట్టు మీద ఉత్తికాళ్ళ జయప్రకాష్. ఇంకా వెనక, గోడ మీది ఫొటోలో, కూతురి పెళ్ళికి బురద బూట్లతో వచ్చి, పట్టుబట్టల మధ్య ఎక్కడ నిలబడాలో తెలియక ముడుచుకుపోతున్న ఆమె తండ్రి. ఆయన పక్కన, ఆయనకంటే బురదగా, ఈయన.

తిరుమలరావు రొప్పుతూ వచ్చి నీళ్ళు గటగటా తాగాడు.

"ఏవండీ. మన పెళ్ళిలో రెయిన్‌కోటు ఎందుకేసుకున్నారు?"

"వాన కదే ఆవేళ."

"పందిట్లో పడిందేటి వాన? మా నాన్న కోసమే కదూ?"

ఆయన దొరికిపోయిన టిక్కెట్‌లెస్ ప్యాసింజరులా అటూ ఇటూ చూశాడు. దాక్కోవడానికి సీటు లేదు. చివరికి గొణిగాడు. "అబ్బెబ్బే. రెయిన్‌కోటు అయితే..."

"చెప్పకండి," అంది ఉషారాణి. అని, కాపురంలో మొదటిసారి ఆ ముక్కకి పగలబడి నవ్వింది. నవ్వుతూనే కొంగుతో ఆయన నుదుటి చెమట తుడిచింది. "ఉడికిపోతన్నారు. కనీసం టోపీ అయినా తీయండి."

విశ్వనాథంగారు గొంతు సవరించుకున్నారు. "చెల్లెమ్మగారూ, ముహూర్తం మీరే చూడండి. ఎంత తొందరగా చూస్తే అంత మంచిది. ఒక్క షరతు. పెళ్ళికి ఎవరేం వేసుకోవాలో నేను మెసేజి పెట్టను."

"సూటు తిరిగిచ్చీయండి బావగారూ, అది చాలు," అన్నాడు తిరుమలరావు. "లేపోతే ఈవిడ నన్ను ఇంటికి రానివ్వదు."

"ఉంచుకోండి అన్నయ్యగారూ," అంది ఉషారాణి. "మీకే సరిపోయింది. బంగార్రాజు ఎవరికోసం కుట్టేడో వాడికే తెలీదు."

అప్పుడు వచ్చాడు ఫొటోగ్రాఫరు. ఉషారాణి లేచింది, చీర కుచ్చిళ్ళు సర్దుకుంది, మొగుడి పక్కన నిలబడింది. ఫొటోగ్రాఫరు కెమెరాలోంచి చూసి, మొహమాటపడుతూ, సార్‌ని వేరే కోటు ఏదైనా వేసుకోమంటారా అని అడిగాడు. సౌమ్య ఊపిరి బిగబట్టింది. ఉషారాణి చెయ్యి చాచి, టేబుల్ మీదున్న ఈక టోపీ తీసి, తన మల్లెపూల మీద, జాగ్రత్తగా, కొంచెం పక్కకి వాల్చి పెట్టుకుంది.

"ఇప్పుడు తీయి నాయనా," అంది.

ఆ ఫొటో ఇప్పుడు తోర్వా ఇంట్లో, రెయిన్‌కోట్ల ఫొటో పక్కనే ఉంది. సౌమ్య పెళ్ళి పనులు జోరుగా సాగుతున్నాయి. వచ్చినవాళ్ళందరూ కాఫీ తాగుతూ ఆ గోడ చూస్తారు. చూసి, తిరుమలరావు సంగతి ఎలాగూ తెలిసిందే కాబట్టి ఆయన కోటు గురించి ఎవరూ అడగరు.

"అది సరే గానీ ఉషారాణీ, నీ నెత్తిమీద ఆ టోపీ ఏటే?" అంటారు.

ఉషారాణి వంటింటి గుమ్మంలోంచి, ఏమీ ఎరగనట్టు చెబుతుంది.

"గాలి ఆడుతుంది."